నెల్లూరులో యాత్రల సంస్థ మూతపడింది: కట్టిన డబ్బు వెనక్కి రాబట్టుకునే మార్గాలు తెలిసినవారు చెప్పగలరు

కావలి మాస్టారు
3 నవంబరు 2025, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి, కావలిలో ఉంటాను. బంధువులం, ఇరుగుపొరుగువాళ్లం కలిసి 11 మందిమి కార్తీక మాసంలో కాశీ, గయ, ప్రయాగ, అయోధ్య చూసి రావాలని నెల్లూరులోని ఒక యాత్రల సంస్థకు తలా 32,500 రూపాయల చొప్పున మొత్తం 3,57,500 రూపాయలు కట్టాం. ఈ నెల 12న చెన్నై నుంచి వారణాసికి విమానంలో బయలుదేరవలసి ఉంది. మొన్న శనివారం నుంచి యజమాని ఫోను పలకడం లేదు. ఈ ఉదయం నేను, మా బావమరిది వెళ్లి చూస్తే షట్టరు దించి ఉంది. దాని మీద అంటించిన తెల్ల కాగితంలో "వ్యాపార నష్టాల వల్ల కార్యాలయం మూసివేయడమైనది" అని చేతిరాతతో రాసి ఉంది. పక్కనున్న టీ దుకాణం అతను మాకంటే ముందే ముప్పయి మంది దాకా వచ్చి ఆ కాగితం చదివి వెళ్లారని చెప్పాడు.

తలా 10,000 రూపాయల అడ్వాన్సు ఆగస్టులో అందరమూ నగదుగా ఇచ్చాం. మిగిలిన 22,500లో అయిదుగురు బ్యాంకు ద్వారా పంపారు, ఒక దంపతులకు వాళ్ల అబ్బాయి క్రెడిట్ కార్డుతో కట్టాడు, నలుగురు మళ్లీ నగదే ఇచ్చారు. ఆ నలుగురిలో మా అక్కయ్య ఉంది. బావగారు పోయి మూడేళ్లయింది. గయలో ఆయనకు పిండప్రదానం చేయించాలని పింఛనులో నుంచి నెలనెలా దాచుకున్న సొమ్ము అది. గంగ తెచ్చుకోవడానికి రాగి చెంబు తోమి, మూత బిగించి, సంచిలో సర్దిపెట్టుకుంది. ఆమెకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

మా అందరి దగ్గరా గులాబీ రంగు రసీదులున్నాయి. పోలీసు స్టేషనుకు వెళ్లాలా, కోర్టుకా, మరెక్కడికైనానా? దేనితో మొదలుపెట్టాలో దయచేసి చెప్పండి.


మాగుంట లేఔట్ ఆడిటర్
3 నవంబరు 2025, రాత్రి 10.25

మాస్టారూ, నేను జి.ఎస్.టి., ఆదాయపు పన్ను లెక్కలు చూసే వాణ్ణి. ఎక్కడికి వెళ్లాలో తేలాలంటే డబ్బు తీసుకున్నది ఎవరో ముందు తేలాలి. బోర్డు మీద "టూర్స్ అండ్ ట్రావెల్స్" అని ఉన్నంత మాత్రాన అది కంపెనీ కాదు. మన జిల్లాల్లో ఇలాంటి సంస్థల్లో చాలా వరకు ఒక్క మనిషి సొంత వ్యాపారమే. రసీదు కింద సంతకం దగ్గర గుండ్రని ముద్రలో "ప్రొప్రైటర్" అని ఉందా, "పార్టనర్" అని ఉందా, "డైరెక్టర్" అని ఉందా చూడండి. రసీదు మీద జి.ఎస్.టి. నంబరు ఉంటే దాన్ని జి.ఎస్.టి. పోర్టల్లో వెతకండి. దానికి లాగిన్ అక్కరలేదు, ఉచితం. చట్టబద్ధమైన పేరు, వ్యాపారం ఏ తరహాది, రిజిస్ట్రేషను ఇంకా అమల్లో ఉందా లేక రద్దయిందా అన్నవి అక్కడే కనిపిస్తాయి.

ఒక్క మనిషి వ్యాపారమైతే "సంస్థ మూతపడింది" అన్న మాటకు చట్టంలో పెద్ద అర్థం లేదు. ఆ బాకీ ఆయన సొంత బాకీ, ఆయన ఇల్లు, పొలం అన్నీ దానికి లోబడినవే. భాగస్వామ్యమైతే భాగస్వాములందరూ పూర్తి మొత్తానికి బాధ్యులు. ప్రైవేట్ లిమిటెడ్ అయితేనే కథ వేరు.

ఇంకొక విషయం. బ్యాంకు ద్వారా పంపిన అయిదుగురూ తమ స్టేట్‌మెంట్లు తీసి, సొమ్ము ఎవరి పేరున్న ఖాతాలో జమ అయిందో ఒక్కొక్కటీ విడిగా చూడాలి. ఫోన్‌పేలో పంపినప్పుడు ఒక పేరు, రసీదులో ఇంకొక పేరు ఉండటం నేను చాలాసార్లు చూశాను.


గూడూరు బ్యాంకు ఉద్యోగి
3 నవంబరు 2025, రాత్రి 11.05

మాస్టారూ, కోర్టు సంగతికి ముందు రెండు పనులు రేపు ఉదయం లేవగానే చేయండి. వీటికి కాలం చాలా విలువైనది.

మొదటిది విమాన టికెట్ల సంగతి. సంస్థ మూతపడినా, అది మీ పేర్లతో టికెట్లు నిజంగా కొని ఉంటే అవి చెల్లుతాయి. ఎందుకంటే ఆ ఒప్పందం మీకూ విమాన సంస్థకూ మధ్య ఉంటుంది. మీకు పంపిన ఆరక్షరాల పీ.ఎన్.ఆర్., ఇంటిపేరు ఇచ్చి విమాన సంస్థ సైటులో నేరుగా చూడండి. ట్రావెల్ వాళ్లు పంపిన పీడీఎఫ్ కాగితాన్ని నమ్మవద్దు. టికెట్లు ఉన్నట్లు తేలితే వెంటనే విమాన సంస్థకు ఈమెయిల్ రాసి, వాటిలో మీ ఫోన్ నంబరు చేర్పించండి. ఏజెంటు అడిగినా మా సమ్మతి లేకుండా రద్దు చేయవద్దని అందులోనే స్పష్టంగా కోరండి. ఒకవేళ విమాన సంస్థ వైపు నుంచే రద్దయినా, ఏజెంటు ద్వారా కొన్న టికెట్ల వాపసు బాధ్యత విమాన సంస్థదేనని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో ఉంది.

రెండవది క్రెడిట్ కార్డు. ఆ అబ్బాయి తన బ్యాంకుకు "డబ్బు కట్టిన సేవ అందలేదు" అన్న కారణంతో వివాదం దాఖలు చేయాలి. దీన్నే ఛార్జ్‌బ్యాక్ అంటారు. వీసా, మాస్టర్‌కార్డ్ పద్ధతుల్లో సేవ అందవలసిన తేదీ నుంచి సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది. అయినా ఆఖరి రోజు దాకా ఆగడం మంచిది కాదు. రసీదు, యాత్రా కార్యక్రమం కాగితం, మూసి ఉన్న షట్టరు ఫొటో, సమాధానం రాని వాట్సాప్ సందేశాలు జత చేయాలి. ఫోను చేసి చెప్పి ఊరుకోకుండా రాతపూర్వకంగా ఇచ్చి ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. 30 రోజుల్లో బ్యాంకు సరైన జవాబు ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీది ఫిర్యాదులు విచారించే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

ఖాతా నుంచి ఖాతాకు పంపిన సొమ్ముకు ఇంత సులువైన దారి లేదు. మీరే మీ ఇష్టంతో పంపిన సొమ్మును బ్యాంకు తనంత తాను వెనక్కి లాగలేదు.


బుచ్చిరెడ్డిపాళెం రైతు
4 నవంబరు 2025, ఉదయం 7.15

అయ్యా, పెద్దలు చెప్పినవన్నీ నిజమే కావచ్చు. కానీ మా ఊళ్లో ఇలాంటివి మూడు చూశాను. ఇలా షట్టరు దించినవాడు నెల తిరక్కుండా ఐపీ, అంటే కోర్టులో దివాలా పిటిషను, పెడతాడు. ఐపీ నోటీసు చేతికి వచ్చాక ఎవరికీ రూపాయి రాలేదు. కోర్టుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకోవడం కంటే, అతని బంధువుల్లో పెద్దమనిషిని పట్టుకుని పంచాయితీ పెట్టించి, సగమో ముప్పావో చెక్కులు రాయించుకోవడం మేలు. వడ్ల వ్యాపారి ఒకరు మునిగినప్పుడు మేము అలాగే చేసి కొంతైనా దక్కించుకున్నాం.


కావలి మాస్టారు
4 నవంబరు 2025, మధ్యాహ్నం 1.30

ఆడిటర్ గారికీ, బ్యాంకు ఉద్యోగి గారికీ కృతజ్ఞతలు. ముద్రలో "ప్రొప్రైటర్" అనే ఉంది. జి.ఎస్.టి. పోర్టల్లో కూడా ఒక్క వ్యక్తి వ్యాపారంగానే చూపిస్తోంది, రిజిస్ట్రేషను ఇంకా అమల్లోనే ఉంది.

స్టేట్‌మెంట్లు తీస్తే తెలిసిందేమిటంటే, అయిదుగురు పంపిన 1,12,500లో ముగ్గురిది సంస్థ ఖాతాలోనే పడింది. సెప్టెంబరు నెలాఖరులో పంపిన ఇద్దరి 45,000 మాత్రం ఒక స్త్రీ పేరు మీది ఖాతాలో పడింది. విచారిస్తే ఆమె యజమాని భార్య అని తేలింది. "ఖాతా నంబరు మారింది, దీనికి పంపండి" అని అతను పెట్టిన వాట్సాప్ సందేశం మా బావమరిది ఫోనులో ఉంది.

విమానం సంగతి చెబితే నమ్మలేరు. వెళ్లే టికెట్లు 11 మందివీ ఉన్నాయి! విమాన సంస్థ సైటులో అందరి పేర్లూ కనిపించాయి. తిరుగు ప్రయాణం టికెట్లు, హోటళ్లు మాత్రం అసలు తీసుకోనే లేదు. మీరు చెప్పినట్లు ఈమెయిల్ పంపి, ఫోన్ నంబరు మార్పించాను.


ఒంగోలు న్యాయవాది
4 నవంబరు 2025, రాత్రి 10.50

మాస్టారి ప్రశ్నకూ, బుచ్చిరెడ్డిపాళెం అన్నగారి మాటకూ కలిపి జవాబు రాస్తున్నాను. కొంచెం పొడవవుతుంది, మన్నించండి.

ఐపీ అంటే ఆకాశం విరిగి మీద పడ్డట్టు మన వైపు భావిస్తారు. ఆ భయమే బాకీదారుకు సగం బలం. వ్యక్తుల విషయంలో మన దగ్గర ఇప్పటికీ నడుస్తున్నది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. ఒకరు సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఐపీ దాఖలు చేసినంత మాత్రాన బాకీలు రద్దు కావు. దివాలాదారుగా కోర్టు ప్రకటించాక మాత్రమే కొత్త దావాలకు కోర్టు అనుమతి అవసరమవుతుంది. ప్రకటించే ముందు అప్పులవాళ్లకు నోటీసులు ఇస్తారు, వాళ్లు హాజరై కౌంటరు (రాతపూర్వకంగా ఎదురు జవాబు) వేయవచ్చు, ఆస్తులు దాచాడని చూపవచ్చు. జనం ఆ నోటీసు చూడగానే పోయిందనుకుని చించి పారేస్తారు. హాజరయ్యేవాడు లేకపోతే ఆ పిటిషను సాఫీగా సాగిపోతుంది.

ఆ చట్టంలోనే మనకు పనికివచ్చే అంశాలు ఉన్నాయి. ప్రతిఫలం లేకుండా ఆస్తిని ఇతరుల పేరిట రాసి ఉంటే, ఆ తర్వాత రెండేళ్లలోపు దాఖలైన పిటిషను మీద అతను దివాలాదారుగా ప్రకటితుడైతే, 53వ సెక్షను కింద ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. ఒక అప్పులవాడికి మేలు చేసి మిగతావాళ్లను ముంచాలని పిటిషనుకు ముందు మూడు నెలల్లో చేసిన చెల్లింపులను 54వ సెక్షను కింద ప్రశ్నించవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైనది 44వ సెక్షను: దివాలా నుంచి విముక్తి పొందినా, మోసం వల్ల ఏర్పడిన బాకీ నుంచి విముక్తి ఉండదు. తిరుగు టికెట్లు కొనకుండానే పూర్తి డబ్బు వసూలు చేయడం, చివరి వారాల్లో సొమ్మును భార్య ఖాతాకు మళ్లించడం ఆ కోణంలో చాలా బలమైన ఆధారాలు. ఆ వాట్సాప్ సందేశాన్ని స్క్రీన్‌షాటు తీసి ఊరుకోవద్దు. ఆ ఫోనును అమ్మకుండా, మార్చకుండా అలాగే ఉంచండి.

ఇక వేయవలసిన ఫిర్యాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అవతలి పక్షం ఏ ఊళ్లో ఉన్నా ఫరవాలేదు. చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయల వరకు జిల్లా కమిషన్ పరిధి. 5 లక్షల వరకు రుసుము ఏమీ లేదు. మీ 11 మందిదీ కలిపినా 3,57,500 కాబట్టి పైసా కట్టనక్కరలేదు. ఒకే పనికోసం కలిసి డబ్బు కట్టిన కొద్దిమంది ఉమ్మడిగా ఒకే ఫిర్యాదు వేసుకోవచ్చునని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. మీవంటి తెలుగు మాస్టారు రాసే ఫిర్యాదు చాలామంది జూనియర్లు రాసేదానికంటే తేటగా ఉంటుందని నా నమ్మకం. యజమానిని మొదటి ప్రతివాదిగా, సొమ్ము అందుకున్న ఆయన భార్యను రెండవ ప్రతివాదిగా చేర్చండి. దానికి ముందు ఇద్దరికీ ఇంటి చిరునామాకు, దుకాణం చిరునామాకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. తిరిగి వచ్చిన కవరును విప్పకుండా దాచండి.

కమిషన్ ఉత్తర్వును ఖాతరు చేయనివారికి 72వ సెక్షను కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు గానీ, కనీసం 25,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయి. సివిల్ దావా కంటే దీనికి పదును ఎక్కువ.

అన్నగారూ, మీరు చెప్పిన చెక్కుల సంగతి. చెక్కులు తీసుకోవడం తప్పు కాదు. కానీ మన పంచాయితీల్లో రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, చెక్కు చేతికి రాగానే అసలు రసీదులు తిరిగి ఇచ్చేయడం, "పూర్తిగా ముట్టినది" అని రాసివ్వడం. రెండవది, చెక్కు బౌన్సయ్యాక "వచ్చే నెల ఇస్తాడులే" అని కూర్చోవడం. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక అతనికి 15 రోజుల గడువు ఉంటుంది, అది దాటిన నెలలోపు కేసు వేయాలి. చెక్కు తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయకపోతే అది చెల్లనే చెల్లదు.


బుచ్చిరెడ్డిపాళెం రైతు
5 నవంబరు 2025, ఉదయం 6.50

లాయరు గారూ, మేము అప్పుడు రసీదులు ఇచ్చేశాం. నాలుగు చెక్కుల్లో రెండే చెల్లాయి. మిగతా రెండు ఇప్పటికీ బీరువాలోనే ఉన్నాయి. ఈ గడువుల సంగతి ఆ రోజు మాకు చెప్పినవాళ్లు లేరు.


దర్గామిట్ట నివాసి
5 నవంబరు 2025, రాత్రి 8.20

పోలీసుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నా అనుభవం చెబుతాను. మా అమ్మీ, అబ్బా ఉమ్రాకు వెళ్లాలని రెండేళ్ల క్రితం ఒక ఏజెంటుకు డబ్బు కట్టాం. పాస్‌పోర్టులు కూడా అతని దగ్గరే ఉండిపోయాయి. అతను కనిపించకుండా పోయినప్పుడు కొందరం స్టేషనుకు వెళితే, "ఇది సివిల్ తగాదా" అని తిప్పి పంపారు. రెండోసారి అన్ని కుటుంబాల వాళ్లం కలిసి వెళ్లి, ఎవరు, ఏ తేదీన, ఎంత, ఏ విధంగా ఇచ్చారో ఒకే కాగితం మీద పట్టికగా రాసి ఇచ్చాం. వీసాలకు దరఖాస్తే చేయకుండా వీసా రుసుము వసూలు చేశాడన్న ఆధారం జత చేశాం. అప్పుడు ఎఫ్.ఐ.ఆర్. నమోదైంది. పాస్‌పోర్టులు నెలలోపే దొరికాయి. డబ్బు మాత్రం పోలీసుల ద్వారా రాలేదు. కేసు నడుస్తుండగా అతని అన్న వచ్చి విడతలుగా కొంత కట్టాడు.

మొదటి రోజు నుంచే మోసం ఉద్దేశం ఉందని చూపగలిగితేనే పోలీసు కేసు నిలుస్తుందని మాకు అప్పుడు తెలిసింది. పాస్‌పోర్టు గానీ, ఆధార్ అసలు కార్డు గానీ ఏజెంటు దగ్గర ఉన్నవాళ్లు మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా ఫిర్యాదు ఇవ్వాలి.


ఒంగోలు న్యాయవాది
5 నవంబరు 2025, రాత్రి 9.35

సోదరుడు చెప్పినది అక్షరాలా నిజం. 2024 జులై 1 నుంచి ఇవి భారతీయ న్యాయ సంహిత 318 (మోసం), 316 (నమ్మకద్రోహం) సెక్షన్ల కిందకు వస్తాయి. పోలీసు కేసు, వినియోగదారుల ఫిర్యాదు రెండూ ఒకేసారి నడపవచ్చు. ఒకటి వేశాం కదా అని రెండోది మానుకోవద్దు, పోలీసు కేసు నడుస్తోందని రెండేళ్ల గడువు ఆగదు.


చీమకుర్తి సభ్యుడు
6 నవంబరు 2025, సాయంత్రం 5.45

మా కష్టం వేరే రకం. మా కుటుంబం ఐరోపా యాత్రకు వేరే రాష్ట్రంలోని ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి జి.ఎస్.టి.తో కలిపి 4,20,000 రూపాయలు, పైన టి.సి.ఎస్. పేరుతో 21,000 కట్టాం. ఆ కంపెనీ మీద కంపెనీల ట్రిబ్యునల్ అయిన ఎన్.సి.ఎల్.టి.లో దివాలా ప్రక్రియ మొదలైందని పేపర్లో ప్రకటన వచ్చింది. ఒంగోలు కమిషన్‌లో కేసు వేయవచ్చా? బ్యాంకులకు కోట్లలో బాకీ ఉందట, మా వంటివాళ్లను ఎవరైనా పట్టించుకుంటారా?


మాగుంట లేఔట్ ఆడిటర్
6 నవంబరు 2025, రాత్రి 9.10

మీరు ముందుగా ఆ 21,000 సంగతి చూడండి. ఆ సొమ్ము కంపెనీది కాదు, మీ పాన్ మీద ఆదాయపు పన్ను శాఖకు కట్టవలసిన పన్ను. మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక అయిన 26ఏ.ఎస్. తెరిచి చూడండి. అక్కడ జమ కనిపిస్తే, రిటర్ను వేసినప్పుడు మీ పన్నులో మినహాయించుకోవచ్చు, పన్ను లేకపోతే వాపసు కోరవచ్చు. కంపెనీ మునిగినా ఆ సొమ్ము మునగదు. వసూలు చేసి శాఖకు కట్టకపోయి ఉంటే 26ఏ.ఎస్.లో కనిపించదు. అప్పుడు దాన్ని కూడా మీ క్లెయిములో కలపాలి.

ఇక కంపెనీ విషయం. 2016 నాటి దివాలా స్మృతి ప్రకారం ప్రక్రియ మొదలవగానే 14వ సెక్షను కింద మారటోరియం వస్తుంది. ఆ కంపెనీ మీద కొత్త కేసులు వేయడం, పాతవి నడపడం రెండూ ఆగిపోతాయి, వినియోగదారుల కమిషన్లో వేసినవి కూడా. అందుకే ఇప్పుడు మీ దారి ఒంగోలు కమిషన్ కాదు. మీరు చూసిన ప్రకటనలో తాత్కాలిక పరిష్కార నిపుణుడి పేరు, ఈమెయిల్, క్లెయిముల ఆఖరు తేదీ ఉంటాయి. ఆ తేదీ నిపుణుడి నియామకం నుంచి 14 రోజులు. అది దాటిపోయినా కంగారు పడవద్దు, ప్రక్రియ మొదలైన రోజు నుంచి కనీసం 90 రోజుల వరకు ఆలస్యపు క్లెయిములు స్వీకరించే వీలుంది. సేవ కోసం అడ్వాన్సు ఇచ్చినవారు కూడా ఆపరేషనల్ క్రెడిటర్లేనని (వస్తువులు, సేవల లావాదేవీల్లో కంపెనీ నుంచి సొమ్ము రావలసినవారేనని) 2022లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఫారం-బి నింపి, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు జత చేసి పంపండి. కోర్టుకు వెళ్లనక్కరలేదు, ఈమెయిలు చాలు.

ఎంత వస్తుందన్న ప్రశ్నకు మాత్రం మీకు తీపి మాటలు చెప్పలేను. పంపకంలో ప్రక్రియ ఖర్చులు, తాకట్టు ఉన్న బ్యాంకులు, కార్మికులు ముందు వరుసలో ఉంటారు, మనం బాగా కింద ఉంటాం. గో ఫస్ట్ విమానాలు 2023 మే 3న ఆగాయి. చివరికి 2025 జనవరి 20న ఆ సంస్థను లిక్విడేషన్‌కు (ఆస్తులు అమ్మి పంచి మూసేయడానికి) పంపుతూ ఉత్తర్వు వచ్చింది. అంతకాలమూ టికెట్లు కొన్నవాళ్లు వరుసలోనే నిలబడ్డారు. అయినా క్లెయిము వేయనివాడికి ఆ వరుసలో చోటే ఉండదు. క్రెడిట్ కార్డుతో కట్టిన భాగం ఏదైనా ఉంటే, గూడూరు సభ్యులు చెప్పిన ఛార్జ్‌బ్యాక్ మారటోరియంతో సంబంధం లేకుండా మీ బ్యాంకు ద్వారానే నడుస్తుంది. మీకు అదే అన్నిటికంటే దగ్గర దారి.


ఒంగోలు న్యాయవాది
6 నవంబరు 2025, రాత్రి 10.15

ఒక్క మాట చేరుస్తాను. మారటోరియం రక్షణ కంపెనీకి మాత్రమే. డైరెక్టర్లు సంతకం చేసిన చెక్కులు బౌన్సయితే వాళ్ల మీద వ్యక్తిగతంగా కేసు కొనసాగుతుందని 2021 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వాపసు చెక్కు ఏదైనా మీ చేతిలో ఉంటే దాని తేదీ చూసి నాకు చెప్పండి.


అల్లూరు అమ్మ
7 నవంబరు 2025, ఉదయం 11.00

ఇవన్నీ చదువుతుంటే మా అమ్మాయి చెప్పిన సంగతి గుర్తొచ్చింది. ఆమె లండన్‌లో ఉంటుంది. 2019 సెప్టెంబరు 23న అక్కడి థామస్ కుక్ కంపెనీ తెల్లవారేసరికి మూతపడితే, విదేశాల్లో చిక్కుకున్న లక్షన్నర మంది బ్రిటన్ యాత్రికులను అక్కడి పౌర విమానయాన సంస్థ వేరే విమానాలు పెట్టి వెనక్కి తెచ్చింది. అక్కడ విమానంతో కూడిన యాత్ర అమ్మే కంపెనీలకు అటాల్ అనే లైసెన్సు ఉండాలట. ఒక్కో యాత్రికుడికి రెండున్నర పౌన్ల చొప్పున కంపెనీలు ఒక నిధికి కడతాయట. కంపెనీ మునిగితే ఆ నిధి నుంచే యాత్రికులకు డబ్బు ఇస్తారట. మన దేశంలోని థామస్ కుక్ వేరే యాజమాన్యం కింద ఉన్న వేరే కంపెనీ కావడంతో దానికి ఏమీ కాలేదు.

మన దగ్గర అటువంటి నిధి లేదు. పర్యాటక శాఖ గుర్తింపు కూడా ఇష్టమున్నవాళ్లు తీసుకునేదే. తలకు రెండు మూడు వందల రూపాయలు ఎక్కువైనా నేను సంతోషంగా కడతాను, అలాంటి నిధి మనకూ ఉంటే మాస్టారి అక్కయ్య గారి వంటివాళ్లు ఇంత దిగులు పడవలసిన అవసరం ఉండేది కాదు. మన ఎంపీలకు ఈ విషయమై ఉత్తరాలు రాయాలని నా మనవి. నేను ఇప్పటికే రాశాను.


కావలి మాస్టారు
25 నవంబరు 2025, సాయంత్రం 6.30

మేము వెళ్లి వచ్చాం. 11 మందిలో 8 మందిమి వెళ్లాం. అక్కయ్యకు సంగతి చెప్పిన రోజు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "విమానం టికెట్ ఉంది కదరా, దిగిన తర్వాత సంగతి విశ్వనాథుడు చూసుకుంటాడు" అంది. కాశీలో ఆంధ్రాశ్రమంలో దిగాం. గయకు మేమే కారు మాట్లాడుకున్నాం. తిరుగు ప్రయాణం తత్కాల్‌లో రైలు. తలా 11,000 రూపాయల దాకా అదనంగా ఖర్చయింది, ప్రతి బిల్లూ దాచాను. గయలో బావగారికి పిండప్రదానం జరిగింది.

ఇంటికి వచ్చేసరికి రెండు కవర్లు ఉన్నాయి. ఒకటి, మేము బయలుదేరే ముందు యజమాని దుకాణం చిరునామాకు పంపిన నోటీసు "తాళం వేసి ఉన్నది" అని తిరిగి వచ్చింది, విప్పలేదు. రెండవది, బుచ్చిరెడ్డిపాళెం వారు అన్నట్లే ఐపీ నోటీసు. అప్పులవాళ్ల పట్టికలో నా పేరు 63వది. బ్యాంకు ద్వారా సంస్థ ఖాతాకు పంపిన ముగ్గురి పేర్లే ఉన్నాయి, అదీ అడ్వాన్సు 10,000 కలపకుండా 22,500 అని. నగదు ఇచ్చిన నలుగురి పేర్లు గానీ, భార్య ఖాతాకు పంపిన ఇద్దరివి గానీ లేవు. కార్డు మీది 45,000 మాత్రం ఆ అబ్బాయి ఖాతాలో బ్యాంకు తాత్కాలికంగా జమ చేసింది.


ఒంగోలు న్యాయవాది
25 నవంబరు 2025, రాత్రి 9.00

మాస్టారూ, ఆ పట్టికలోని లోపమే మీకు ఆయుధం. నోటీసులో ఉన్న వాయిదాకు తప్పక హాజరై, పట్టికలో లేని మిగతావాళ్ల తరఫున కూడా అఫిడవిట్లతో కౌంటరు వేయండి. నగదు రసీదుల వరుస సంఖ్యలను పోల్చి చూడండి. ఒకే పుస్తకంలోని వరుస రసీదుల్లో కొన్నిటిని ఒప్పుకుని కొన్నిటిని దాచాడని చూపిస్తే, ఆ పిటిషనులో నిజాయితీ లేదని జడ్జి గారికే అర్థమవుతుంది. ఐపీ దాఖలైనంత మాత్రాన కమిషన్లో ఫిర్యాదుకు అడ్డు లేదు, వెంటనే వేయండి. యాత్రలో మీకు అదనంగా అయిన ఖర్చును నష్టపరిహారంలో కోరండి. వాడుకున్న విమాన టికెట్ల విలువను మాత్రం మీరే మినహాయించి చూపండి. అలా చూపితే మీ లెక్క మీద కమిషన్‌కు గురి కుదురుతుంది.


కావలి మాస్టారు
20 జనవరి 2026, రాత్రి 8.15

ఆసక్తితో అడుగుతున్న సభ్యుల కోసం రాస్తున్నాను. కమిషన్లో ఉమ్మడి ఫిర్యాదు డిసెంబరు మొదటి వారంలో దాఖలు చేశాం. కార్డు సొమ్ము తిరిగి వచ్చిన దంపతులు అడ్వాన్సు వరకే కోరారు. ప్రతివాదులిద్దరికీ నోటీసులు అందాయి. భార్య తరఫున వకీలు హాజరై, ఆ 45,000 పొరపాటున తన ఖాతాలో పడిందని, తిరిగి ఇవ్వడానికి అభ్యంతరం లేదని రాసి ఇచ్చారు. పోయిన శుక్రవారం ఆ సొమ్ము ఇద్దరి ఖాతాల్లోనూ జమ అయింది. రసీదులేవీ తిరిగి ఇవ్వలేదు, "ఈ భాగం వరకు మాత్రమే ముట్టినది" అని రాశాం.

ఐపీ పిటిషనులో మా కౌంటరు కోర్టు స్వీకరించింది. రసీదుల వరుస సంఖ్యలు చూస్తే నా నగదు రసీదు 418, అక్కయ్యది 419. నా పేరు పట్టికలో ఉంది, ఆమెది లేదు. ఆ రెండింటి జిరాక్సులూ పక్కపక్కన అంటించి ఒకే పుటగా దాఖలు చేశాను. అక్కయ్య రసీదు పూజగదిలో కుంకుమ భరిణె కింద ఉండటం వల్ల ఒక మూల ఎర్రబడింది, అంకెలు మాత్రం చెరగలేదు. కమిషన్లో తదుపరి వాయిదా ఫిబ్రవరి 18న ఉంది. ఆ రోజు ఆమె కూడా వస్తానంటోంది.